పశ్చిమ ప్రకాశం పలకరాతి నేలల్లో వ్యవసాయ మోటార్లకు, ఇళ్లకు ఎర్తింగ్: నిరోధం, రక్షణ, విస్తరణ సూచనలు

ఉపోద్ఘాతం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు ప్రాంతాలలో సేద్యం ప్రధానంగా బోరుబావులపై ఆధారపడి ఉన్నది. వర్షపాతం తక్కువ, భూగర్భజలం లోతు ఎక్కువ. అందుచేత సబ్‌మెర్సిబుల్ మోటారు, దాని స్టార్టరు డబ్బా, పొలంలోని చిన్న షెడ్డు, ఊరిలోని ఇల్లు అనే నాలుగు చోట్ల రైతు కుటుంబం ప్రతి దినం విద్యుత్తుతో మెలగుతుంది. తడి చేతులతో, చెప్పులు లేని కాళ్లతో, బురద నేలపై నిలబడి స్టార్టరు తాకడం పొలంలో సర్వసాధారణం. ఇన్సులేషన్ దెబ్బతిన్న ఒక్క తీగ ఇనుప డబ్బాకు తగిలితే ప్రాణం దక్కుతుందా లేదా అన్నది అప్పటికే చేసి ఉంచిన ఎర్తింగ్, దానికి తోడుగా అమర్చిన రక్షణ పరికరంపై ఆధారపడి ఉంటుంది.

ఎర్తింగ్ అంటే ఒక ఇనుప పైపును నేలలో పాతి తీగ కట్టడమే అన్న అభిప్రాయం రైతులలోనూ, కొందరు మెకానిక్కులలోనూ బలంగా ఉన్నది. పలకరాయి పైకి తేలిన ఈ నేలల్లో ఆ అభిప్రాయం ప్రమాదకరం. పాతిన పైపు ఎంత నిరోధం ఇస్తుంది, ఆ నిరోధంతో లోపం ఏర్పడినప్పుడు డబ్బాపై ఎంత వోల్టేజి మిగులుతుంది, దానిని ఏ పరికరం తొలగిస్తుంది అన్న మూడు ప్రశ్నలకు విస్తరణ సిబ్బంది లెక్కతో సమాధానం చెప్పగలగాలి. ఈ వ్యాసం ఆ లెక్కలను, వాటి నుంచి వచ్చే ఆచరణ సూచనలను వివరిస్తుంది. ఇందులోని అంకెలు సూత్రాల ఆధారంగా వేసిన ఉదాహరణ గణనలు. ఏ పొలంలోనైనా కొలతే తుది ప్రమాణం.

నేల స్వభావం, విశిష్ట నిరోధం

ఈ ప్రాంతపు శిలలు కడప శిలాసమూహంలోని నల్లమల వర్గానికి చెందినవి. కంభం శిలాశ్రేణిలో షేల్, ఫిల్లైట్, పలకరాయి ప్రధానమైనవి. కొండలలో క్వార్ట్‌జైట్ కనిపిస్తుంది. మార్కాపురానికి పేరు తెచ్చిన బడిపలకలు ఈ రాతి నుంచి వచ్చినవే. పలకరాయి విద్యుత్తును సులభంగా పోనివ్వదు. పూర్వం అనేక దేశాలలో స్విచ్‌బోర్డులకు పలకరాతి దిమ్మెలను ఉపయోగించడానికి కారణం అదే. స్విచ్‌బోర్డుకు మేలు చేసిన ఆ గుణమే ఎర్తింగ్‌కు అడ్డంకి అవుతుంది.

నేలలో విద్యుత్తు ప్రధానంగా మట్టి రేణువుల మధ్య ఉన్న తేమ ద్వారా, ఆ తేమలో కరిగిన లవణాల ద్వారా ప్రవహిస్తుంది. ఎర్తింగ్‌పై భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం, తేమ సుమారు 20 శాతానికి మించి ఉన్నంతవరకు విశిష్ట నిరోధం పెద్దగా మారదు. అంతకంటే తగ్గినప్పుడు అది వేగంగా పెరుగుతుంది. వేసవిలో పైమట్టి ఎండిపోయే పశ్చిమ ప్రకాశంలో ఈ విషయం కీలకం. అక్టోబరులో సంతృప్తికరంగా కనిపించిన ఎర్త్ గుంత మే నెలలో అలాగే ఉంటుందని భావించరాదు. కావున కొలత తీసుకోవలసిన కాలం వర్షాలకు ముందటి వేసవి.

నేలను అంచనా వేయడానికి నాలుగు మేకుల పద్ధతి అనువైనది. నాలుగు మేకులను ఒకే వరుసలో సమాన దూరంలో, ఆ దూరంతో పోల్చితే చాలా తక్కువ లోతుకు నాటి, ఎర్త్ టెస్టరు చూపిన నిరోధాన్ని మేకుల మధ్య దూరంతోనూ, 6.28తోనూ గుణిస్తే విశిష్ట నిరోధం వస్తుంది. మేకుల మధ్య దూరం 2.5 మీటర్లు, పరికరం చూపినది 32 ఓంలు అయితే, విశిష్ట నిరోధం సుమారు 500 ఓం-మీటర్లు. మేకుల దూరం పెంచిన కొద్దీ మరింత లోతు పొరల ప్రభావం కొలతలో చేరుతుంది. దూరం పెంచినప్పుడు విలువ తగ్గితే కింద తేమపొర ఉన్నదని, పెరిగితే రాయి దగ్గరలో ఉన్నదని గ్రహించవచ్చును.

పాతిన పైపు నిరోధం: సూత్రం చెప్పే పాఠాలు

ఐఎస్ 3043 ఇచ్చిన సూత్రం ప్రకారం, నిలువుగా పాతిన పైపు నిరోధం తెలుసుకోవడానికి విశిష్ట నిరోధాన్ని 6.28తోనూ, పైపు పొడవుతోనూ భాగించి, వచ్చిన దానిని ఒక సహజ సంవర్గమానంతో గుణించాలి. ఆ సంవర్గమానం పొడవుకు నాలుగు రెట్లను వ్యాసంతో భాగించగా వచ్చిన సంఖ్యది. ప్రమాణం కోరే జీఐ పైపు కనీస పొడవు 2.5 మీటర్లు, కనీస లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు. వ్యాసాన్ని 40 మిల్లీమీటర్లుగా తీసుకొంటే వచ్చే ఫలితాలు ఇవి.

విశిష్ట నిరోధం 100 ఓం-మీటర్లు ఉన్న తడి బంకమట్టిలో 2.5 మీటర్ల పైపు: 35 ఓంలు.
500 ఓం-మీటర్ల నేలలో అదే పైపు: 176 ఓంలు.
500 ఓం-మీటర్ల నేలలో వ్యాసం రెట్టింపు చేసిన పైపు: 154 ఓంలు.
500 ఓం-మీటర్ల నేలలో పొడవు రెట్టింపు చేసి 5 మీటర్లు పాతిన పైపు: 99 ఓంలు.
500 ఓం-మీటర్ల నేలలో రాయి తగిలిందని 1 మీటరుకే కోసివేసిన పైపు: 366 ఓంలు.

ఈ అంకెలలో మూడు పాఠాలు ఉన్నవి. ఒకటి, నేలను బట్టి ఒకే పైపు ఐదు రెట్లు భిన్నమైన ఫలితం ఇస్తుంది. రెండు, లావుపాటి పైపు కొనడం వల్ల లాభం స్వల్పం. పొడవు పెంచడమే లాభం. మూడు, రాయి తగలగానే పైపును కోసి, పైకి కనిపించే భాగానికి తీగ బిగించి పని ముగించే అలవాటు నిరోధాన్ని రెట్టింపునకు మించి పెంచుతుంది. పైనుంచి చూసినవారికి కోసిన పైపునకూ, పూర్తి పైపునకూ తేడా తెలియదు. అందుకే ఎర్త్ గుంతను పూడ్చకముందే పైపు పొడవును యజమాని స్వయంగా చూసుకోవాలి.

రాయి తగిలినప్పుడు ప్రత్యామ్నాయాలు

పలకరాతి పొర ఒకటి రెండు మీటర్ల లోతులోనే ఎదురైనప్పుడు నిలువు పైపుపై పట్టుదల వదలి, అడ్డంగా పట్టీ పరచడం ఉత్తమం. ప్రమాణం ప్రకారం పట్టీ కందకం లోతు కనీసం అర మీటరు, పట్టీ పొడవు కనీసం 15 మీటర్లు ఉండాలి. జీఐ పట్టీ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం కలిగి ఉండాలి. 500 ఓం-మీటర్ల నేలలో అర మీటరు లోతున 20 మీటర్ల పట్టీ పరిస్తే లెక్క ప్రకారం నిరోధం సుమారు 44 ఓంలు. అదే నేలలో నిలువు పైపు ఇచ్చిన 176 ఓంలతో పోల్చితే ఇది నాలుగో వంతు. పైమట్టి వేసవిలో ఎండుతుంది గనుక కందకాన్ని వీలైనంత లోతుగా, నీటి కాలువ వెంట లేదా తేమ నిలిచే గట్టు వెంట తీయడం మంచిది. అయితే మనుషులు, పశువులు నిత్యం నడిచే బాట కింద, పశువుల తొట్టి పక్కన పట్టీని పరచరాదు. లోపం ఏర్పడిన క్షణంలో పట్టీ పైనున్న నేలలో అడుగు అడుగుకూ వోల్టేజి తేడా ఉంటుంది. ముందరి కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కావడం వల్ల పశువులకు అది మరింత ప్రమాదం.

రెండవ మార్గం, రెండు పైపులను దూరంగా పాతి కలపడం. 500 ఓం-మీటర్ల నేలలో 2.5 మీటర్ల పైపులు రెండింటిని 5 మీటర్ల దూరంలో పాతి కలిపితే మొత్తం నిరోధం సుమారు 96 ఓంలు. దగ్గర దగ్గరగా పాతితే ఒకదాని ప్రభావ మండలంలో మరొకటి పడి ప్రయోజనం తగ్గుతుంది. పైపు పొడవుకు రెట్టింపు దూరం పాటించడం మంచి పద్ధతి.

మూడవ మార్గం, పైపు చుట్టూ మట్టిని మార్చడం. పైపు నిరోధంలో పెద్ద భాగం దానిని ఆనుకొని ఉన్న మట్టిలోనే ఉంటుంది. 30 సెంటీమీటర్ల వ్యాసంతో రంధ్రం తీసి, మధ్యలో పైపు నిలిపి, చుట్టూ 50 ఓం-మీటర్ల విశిష్ట నిరోధం గల తడి బంకమట్టి నింపినట్లు లెక్కిస్తే నిరోధం 176 నుంచి 118 ఓంలకు, అంటే మూడో వంతు తగ్గుతుంది. చెరువు పూడిక మట్టి ఈ పనికి చేతికందే వనరు. వీలైనచోట బెంటొనైటు వాడవచ్చును. గుంత తవ్వగా వచ్చిన పలకరాతి ముక్కలనే తిరిగి నింపితే పైపునకూ మట్టికీ మధ్య గాలి ఖాళీలు మిగులుతాయి. ఉప్పు, బొగ్గు పొరలు వేసే పాత పద్ధతి నిరోధాన్ని తగ్గిస్తుంది గాని, ఉప్పు నీటితో పాటు కొట్టుకుపోతుంది, జీఐ పైపును తినివేస్తుంది. ఉప్పు వేసిన గుంతను ఏటా కొలిచి చూడకపోతే తుప్పుపట్టి తెగిన పైపు కూడా బాగున్నట్లే కనిపిస్తుంది.

బోరు కేసింగును ఎర్త్‌గా భావించడం మరొక పొరపాటు. నేడు చాలా బోర్లకు పీవీసీ కేసింగు, హెచ్‌డీపీఈ పైపులు వాడుతున్నారు. అవి విద్యుత్తును మోయవు. మోటారు నీటిలో ఉన్నది గనుక ఎర్త్ అక్కరలేదన్న వాదన కూడా నిలవదు. రైతు తాకేది నీటిలోని మోటారును కాదు, నేలపైనున్న స్టార్టరు డబ్బాను.

తక్కువ నిరోధం ఒక్కటే రక్షణ కాదు

ఇంతవరకు చెప్పినది నిరోధాన్ని తగ్గించే ఉపాయం. ఇకపై చెప్పబోయేది అంతకంటె ముఖ్యమైనది. ఒక ఫేజు తీగ స్టార్టరు డబ్బాకు తగిలినదనుకొందాం. విద్యుత్తు డబ్బా నుంచి ఎర్త్ పైపు ద్వారా నేలలోకి, అక్కడినుంచి ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్ ఎర్త్ ద్వారా వెనక్కు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఎర్త్ నిరోధాన్ని 10 ఓంలుగా, ఫేజు వోల్టేజిని 230గా తీసుకొంటే వచ్చే ఫలితాలు ఇవి.

పైపు నిరోధం 5 ఓంలు: లోప విద్యుత్తు 15.3 ఆంపియర్లు, డబ్బాపై 77 వోల్టులు.
పైపు నిరోధం 35 ఓంలు: 5.1 ఆంపియర్లు, 179 వోల్టులు.
పైపు నిరోధం 99 ఓంలు: 2.1 ఆంపియర్లు, 209 వోల్టులు.
పైపు నిరోధం 176 ఓంలు: 1.2 ఆంపియర్లు, 218 వోల్టులు.

పలకరాతి నేలలో సాధించడం దాదాపు అసాధ్యమైన 5 ఓంల ఎర్త్ ఉన్నా, 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ 15.3 ఆంపియర్లకు తెగదు. డబ్బాపై 77 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. 176 ఓంల ఎర్త్‌తో డబ్బాను తాకిన మనిషికి ఎర్త్ లేనట్లే. మనిషి శరీర నిరోధాన్ని సుమారు 1000 ఓంలుగా తీసుకొంటే అతని గుండా 200 మిల్లీ ఆంపియర్లకు మించి ప్రవహిస్తుంది. గుండె లయ తప్పడానికి అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. మోటారు నడుస్తూనే ఉంటుంది, ఫ్యూజు నిలిచే ఉంటుంది, ప్రమాదం బయటికి కనిపించదు.

ఈ ఖాళీని పూరించేది లీకేజీ విద్యుత్తును గుర్తించి సరఫరాను ఆపివేసే ఆర్‌సీసీబీ. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 12640. వెళ్లిన విద్యుత్తు, తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా లేకపోతే, ఆ తేడా పరికరపు నిర్దిష్ట హద్దును చేరగానే అది సరఫరాను తెంచుతుంది. తాకగల వోల్టేజి 50 మించరాదన్న నియమం ప్రకారం ఎర్త్ నిరోధానికి గరిష్ఠ హద్దులు ఇవి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ: 1667 ఓంలు.
100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ: 500 ఓంలు.
300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ: 167 ఓంలు.

పశువుల కొట్టానికి వోల్టేజి హద్దును సగానికి, 25కు తగ్గించి లెక్కించినా 30 మిల్లీ ఆంపియర్ల పరికరంతో 833 ఓంల వరకు అవకాశం ఉన్నది. అనగా పలకరాతి నేలలో రైతు తేలికగా సాధించగల 176 ఓంల ఎర్త్, వేసవిలో రెట్టింపై 352 ఓంలకు చేరినా, 30 లేదా 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతో కలిసి రక్షణ ఇస్తుంది. 300 మిల్లీ ఆంపియర్ల పరికరానికి అదే ఎర్త్ చాలదు. ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ మాత్రమే ఉంటే మనిషి తాకే వరకు లీకేజీకి దారి దొరకదు. అప్పుడు అతని శరీరమే మొదటి దారి అవుతుంది. ఎర్త్ మాత్రమే ఉండి ఆర్‌సీసీబీ లేకపోతే డబ్బాపై వోల్టేజి నిలిచిపోతుంది. రెండూ కలిసినప్పుడే రక్షణ.

ఇంటికీ, షెడ్డులోని ప్లగ్గులకూ 30 మిల్లీ ఆంపియర్ల పరికరం తగినది. పొడవైన కేబులు గల బోరు మోటారుకు సహజ లీకేజీ వల్ల పరికరం మాటిమాటికీ పడిపోతుంటే 100 మిల్లీ ఆంపియర్లది ఎంచుకోవచ్చును. అయితే ఎర్త్ కొలత 500 ఓంలకు బాగా తక్కువగా ఉన్నదని వేసవిలో నిర్ధారించుకోవాలి. న్యూట్రల్ లేని మూడు ఫేజుల స్టార్టరుకు నాలుగు పోల్‌ల పరికరం అమర్చినప్పుడు, టెస్ట్ బటన్ పనిచేసే విధంగా తయారీదారు చిత్రపటం ప్రకారం తీగలు కలపాలి. ఆర్‌సీసీబీకీ హద్దు ఉన్నది. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకొన్నవారిని అది కాపాడలేదు.

రెండు ప్రమాదకరమైన అలవాట్లు

మొదటిది, బల్బుతో ఎర్త్‌ను పరీక్షించడం. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 60 వాట్ల బల్బు వెలిగితే ఎర్త్ బాగున్నదని నమ్ముతారు. ఆ బల్బు నిరోధం సుమారు 880 ఓంలు. ఎర్త్ నిరోధం 176 ఓంలు ఉన్నా బల్బుకు 192 వోల్టులు అందుతాయి. కంటికి అది వెలుగుతున్నట్లే ఉంటుంది. ఎర్త్ పైపు మాత్రం ఆ సమయంలో 38 వోల్టులకు లేస్తుంది. ఈ పరీక్ష ఎర్త్ బాగున్నదని చెప్పదు, పరీక్షించేవారిని ప్రమాదంలోకి నెడుతుంది.

రెండవది, న్యూట్రల్ అందనిచోట ఎర్త్ పైపునే న్యూట్రల్‌గా వాడి పొలంలో దీపం వెలిగించడం. 200 వాట్ల దీపంతో 176 ఓంల పైపు సుమారు 90 వోల్టులకు లేస్తుంది. అదే పైపునకు స్టార్టరు డబ్బా కూడా కట్టి ఉంటే, దీపం వెలిగినంతసేపూ ఏ లోపమూ లేకుండానే డబ్బాపై 90 వోల్టులు ఉంటాయి. పైపు దగ్గర బోల్టు వదులై తీగ ఊడితే డబ్బాపై పూర్తి 230 వోల్టులు నిలుస్తాయి. పైగా, ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడితే ఆర్‌సీసీబీ పడిపోతుంది. అది పరికరపు లోపమని భావించి దానిని తొలగించడం జరుగుతుంది. ఆర్‌సీసీబీ పడిపోవడం ప్రమాద సూచన అని రైతుకు తెలియజెప్పడం విస్తరణ సిబ్బంది కర్తవ్యం.

నల్లమల అంచు గ్రామాలలో అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి కంచెకు నేరుగా కరెంటు పెట్టడం మరొక ఘోరం. అది చట్టవిరుద్ధం, మనుషులకూ వన్యప్రాణులకూ ప్రాణాంతకం. ఎంత మంచి ఎర్తింగ్ అయినా ఆ ప్రమాదాన్ని తప్పించలేదు.

అమరిక క్రమం

1. సరఫరా పూర్తిగా ఆపి, ఆగినదని నిర్ధారించుకొన్న తరువాతే పని మొదలుపెట్టాలి. పనిని అనుమతి కలిగిన ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి.

2. ఎర్త్ స్థలం గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో, తేమ నిలిచే చోట, నడకబాటకు దూరంగా ఉండాలి. తవ్వకముందు భూగర్భ కేబుళ్లు, నీటి పైపులు లేవని చూసుకోవాలి.

3. మూడు ఫేజుల మోటారు, స్టార్టరు చట్రానికి వేర్వేరుగా రెండు ఎర్త్ తీగలు ఇవ్వాలి. ఒకటి తెగినా రెండవది పనిచేస్తుంది. ఎర్త్ తీగలో ఎక్కడా ఫ్యూజు గాని, స్విచ్ గాని ఉండరాదు.

4. పైపునకు తీగను చుట్టి వదిలేయకుండా క్లాంపు, బోల్టు, వాషరుతో బిగించాలి. రంగు, తుప్పు గీకి శుభ్రపరచిన తరువాతే బిగించాలి. ఆ కీలు కనిపించే విధంగా చిన్న తొట్టి కట్టి మూత పెట్టాలి.

5. ఇంట్లోనూ, షెడ్డులోనూ మూడు పిన్నుల ప్లగ్గుల ఎర్త్ పిన్నును ఎర్త్ తీగకు కలపాలి. నీటి ట్యాంకు నుంచి వచ్చే ఇనుప గొట్టాలను కూడా అదే ఎర్త్‌కు కలపాలి.

6. ఆర్‌సీసీబీ అమర్చి, టెస్ట్ బటన్ నొక్కి వెంటనే పడిపోతున్నదో లేదో చూడాలి.

కొలత, నిర్వహణ

పైపు నిరోధాన్ని మూడు మేకుల పద్ధతిలో ఎర్త్ టెస్టరుతో కొలవాలి. సరఫరా ఆపి, పైపు నుంచి ఎర్త్ తీగను విడదీసి, 25 మీటర్ల దూరంలో విద్యుత్ మేకు, దానిలో 62 శాతం దూరంలో, అంటే 15.5 మీటర్ల వద్ద వోల్టేజి మేకు నాటాలి. మధ్య మేకును ఇటు అటు ఒకటిన్నర మీటరు జరిపి మరి రెండు కొలతలు తీయాలి. మూడూ దగ్గరగా ఉంటే కొలత నమ్మదగినది. భిన్నంగా ఉంటే విద్యుత్ మేకును మరింత దూరం జరపాలి. కొలత ముగిసిన వెంటనే తీగను తిరిగి బిగించడం మరువరాదు.

ఫలితాన్ని తేదీతో సహా స్టార్టరు పెట్టె లోపలి తలుపుపై రాయించాలి. ఏటా మే నెలలో కొలిచి పోల్చాలి. ఒక్కసారిగా పెరిగితే కీలు వదులైనదో, పైపు తుప్పుపట్టినదో పరీక్షించాలి. టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కాలి. వేసవిలో గుంతకు నీరు పోయడం మేలు చేస్తుంది గాని, కొలతకు ముందు నీరు పోస్తే కొలత తప్పుదారి పట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు ఎర్త్, స్తంభం, తెగిన తీగ వంటివి రైతు ముట్టరాదు. 1912 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

ఎర్తింగ్ సాధారణంగా విద్యుత్ శాఖ విషయమని వ్యవసాయ విస్తరణలో పక్కకు పోతుంది. మోటారు సామర్థ్యం, బిందుసేద్యం, నీటి పొదుపు గురించి రైతును కలిసే ప్రతి సందర్భంలోనూ స్టార్టరు డబ్బాను ఒకసారి చూడటం అదనపు శ్రమ కాదు. ప్రదర్శన క్షేత్రాలలో ఒకే నేలలో 1 మీటరుకు కోసిన పైపు, పూర్తి పైపు, అడ్డపట్టీ పక్కపక్కన అమర్చి, మే నెలలోనూ అక్టోబరులోనూ రైతుల ఎదుటే కొలిచి చూపవచ్చును. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వంటి శిక్షణ వేదికలలో గ్రామ మెకానిక్కులను రైతులతో కలిపి కూర్చోబెట్టడం అవసరం. ఏ పొలంలోనైనా ఎర్త్ పైపును పాతేది వారే.

విద్యార్థులకు ఇది మంచి క్షేత్ర అభ్యాసం కూడా. నాలుగు మేకుల కొలతతో విశిష్ట నిరోధం కనుగొని, సూత్రంతో పైపు నిరోధం అంచనా వేసి, పాతిన తరువాత కొలతతో సరిపోల్చితే నేల పొరల గురించి, తేమ గురించి, లెక్కకూ వాస్తవానికీ ఉన్న దూరం గురించి ఒకేసారి నేర్చుకోవచ్చును.

ముగింపు

పశ్చిమ ప్రకాశం నేలలో ఒకే అంకె కోసం పోరాడటం కంటె రెండు పనులు చేయడం మేలు. నేలను కొలిచి, రాయి ఉన్నచోట పైపును కోయకుండా అడ్డపట్టీ, రెండవ పైపు, బంకమట్టి పూరకంలో తగిన మార్గం ఎంచుకోవాలి. ఆ ఎర్త్‌కు తగిన హద్దు గల ఆర్‌సీసీబీని జతచేసి, దానిని ఎప్పుడూ తొలగించకుండా నెలనెలా పరీక్షించాలి. ఈ రెండూ అమరిన స్టార్టరుపై లోపం ఏర్పడితే రైతు వచ్చేసరికి మోటారు ఆగి ఉంటుంది. ఒక తడి ఆలస్యమవుతుంది, ప్రాణం నిలుస్తుంది.